నొసట గుర్తున్నవాళ్లూ ఖడ్గం పాలయ్యారా? యెహెజ్కేలు 9, 18, 21 – వీటి పక్కన 91వ కీర్తన

కమ్మనహళ్ళి_క్లాసు:
అందరికీ వందనాలు. వచ్చే నెల ఇక్కడ బెంగళూరులో, కమ్మనహళ్ళి తెలుగు కూటంలో ఆరాధన అయ్యాక ముప్పావుగంట చొప్పున నాలుగు ఆదివారాలు బైబిలు క్లాసు. అంశం: దేవుని తీర్పు, దేవుని కాపుదల. వాక్యాలన్నీ ఒకచోట పెడితే ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి.

యెహెజ్కేలు 9లో దేవుడు, యెరూషలేము పట్టణంలో జరిగే హేయకృత్యాలు చూసి మూలిగేవాళ్ల నొసట గుర్తు వేయించి, వాళ్లను ముట్టవద్దంటాడు. 18లో పాపం చేసినవాడే చస్తాడు, తండ్రి దోషం కొడుకు మోయడు అంటాడు. 21:3–4కి వచ్చేసరికి నీతిమంతుల్నీ దుష్టుల్నీ కలిపి నిర్మూలం చేస్తానంటాడు. ప్రవక్త ఒకడే, పట్టణమూ ఒకటే. ఆదికాండము 18:25లో అబ్రాహాము "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అడిగిన మాట ఎటూ ఉండనే ఉంది. ఇక ఏ కీడూ నీ దగ్గరికి రాదనే 91వ కీర్తన అందరికీ కంఠతా వచ్చు.

వచ్చేవాళ్లలో సగం మంది ఐటీ పిల్లలు, సగం మంది పెద్దమ్మలు. "అది వేరే సందర్భం అండీ" అని దాటేస్తే ఎవరూ ఊరుకోరు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మూడో_బెంచీ:
21:3 దగ్గర మొదలుపెట్టకండి. 20:45 దగ్గర మొదలుపెట్టండి. అధ్యాయం తప్పుచోట విరిగింది. హెబ్రీ ప్రతుల్లో 21వ అధ్యాయం అక్కడే మొదలవుతుంది. అందుకే ఆ లెక్క పాటించే బైబిళ్లలో మన 21:3 వాళ్లకు 21:8. క్లాసులో ఎవరైనా వేరే యాప్ తెరిస్తే నంబరు కలవదు, ఐదు నిమిషాలు అక్కడే పోతాయి. ముందే చెప్పేయండి.

20:45–49లో ఉన్నది అడవి మంట. దక్షిణాన ఉన్న అడవికి నిప్పు పెడతాను, పచ్చని చెట్టూ ఎండిన చెట్టూ రెండూ కాలిపోతాయి అంటాడు. వినేవాళ్లు "ఇతను ఎప్పుడూ ఉపమానాలే చెప్తాడు" అని తోసేస్తారు (20:49). దానికి జవాబుగా వచ్చిందే 21:1–5. రెండూ పక్కపక్కన పెట్టి గీత గీయండి: దక్షిణం అంటే యెరూషలేము, పరిశుద్ధ స్థలాలు, ఇశ్రాయేలు దేశం. నిప్పు అంటే ఖడ్గం. పచ్చని చెట్టు, ఎండిన చెట్టు అంటే నీతిమంతుడు, దుష్టుడు. అంటే 21:3 కొత్తగా ఇచ్చిన తీర్పు కాదు, అడవి మంటకు విప్పి చెప్పిన అర్థం. అడవికి నిప్పంటుకుంటే ఏ చెట్టు కాయలు కాసింది, ఏది కాయలేదు అని మంట చూడదు. యుద్ధం ఒక పట్టణం మీద పడితే ఎలా ఉంటుందో చెబుతున్నాడు. ఎవరి లెక్క ఎంత అన్నది అక్కడ విషయం కాదు.

ద్రాక్షకాయ:
మరి 18వ అధ్యాయం? "ఒకరి దోషం ఇంకొకరు మోయరు" అన్నవాడే మూడు అధ్యాయాల తర్వాత అందరినీ కలిపి కోసేస్తానంటే, బాధితుడికి తేడా ఏముంది? మంట అనండి, యుద్ధం అనండి. చచ్చినవాడు చచ్చాడు.

మూడో_బెంచీ:
సరైన ప్రశ్న. బోర్డు మీద రెండు గీతలు గీయండి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం.

18వ అధ్యాయం నిలువు గీత. తాత, తండ్రి, కొడుకు. చెర పట్టబడి బబులోనులో కెబారు కాలువ పక్కన ఉన్నవాళ్లు ఒక సామెత పట్టుకుని కూర్చున్నారు: తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అని. "మా తాతలు చేసినదానికి మేం అనుభవిస్తున్నాం, ఇక మేం చేయగలిగేదేముంది" అని దాని భావం. 18 మొత్తం ఆ సాకును కొట్టడానికి. 5 నుంచి 18వ వచనం వరకు మూడు తరాలు తీసుకుంటాడు: నీతిమంతుడైన తండ్రి, దుర్మార్గుడైన కొడుకు, తండ్రి దారి పట్టని మనవడు. చివర 30–32 చదివితే గురి ఎక్కడో తెలుస్తుంది: మనసు తిప్పుకోండి, బ్రదుకుడి.

21 అడ్డ గీత. ఒకే కాలంలో, ఒకే గోడ లోపల పక్కపక్కన ఉన్నవాళ్లు. తరాల ప్రస్తావన లేదు, దోషం ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ అయిందన్న మాటా లేదు. ఇక తేడా ఏముంది అన్నదానికి: యెహెజ్కేలు ఈ రెండింటిలో ఏదీ వెనక్కు తీసుకోడు. దేవుని ఎదుట ఆ మనిషి స్థానం మారదు, కానీ అతని ఇల్లు కాలుతుంది. ఇది మనకు నచ్చుతుందా లేదా అన్నది వేరే చర్చ.

సిరాబుడ్డి:
9వ అధ్యాయం గురించి ఎవరూ గమనించని సంగతి ఒకటి. ఆరుగురు ఆయుధాలు పట్టుకుని వస్తారు. వాళ్ల మధ్య నారబట్టలవాడు ఒకడు, నడుముకు లేఖకుని సిరాబుడ్డి. అతనే ఊరంతా తిరిగి గుర్తు వేసేది. 9:11లో వచ్చి "నీవు ఆజ్ఞాపించినట్టు చేశాను" అని లెక్క అప్పజెబుతాడు. ఎంతమందికి వేశాడో వచనం చెప్పదు. చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు.

మూయకండి, 10:2 చదవండి. అదే నారబట్టలవాణ్ని పిలిచి, కెరూబుల మధ్యనుంచి నిప్పులు రెండు చేతులా తీసుకుని పట్టణం మీద చల్లమంటాడు. గుర్తు వేసిన చెయ్యే నిప్పులు చల్లుతుంది! గుర్తున్నవాళ్లు ఉన్న ఊరు మీదే. కాబట్టి 9లోనే 21 ఉంది. గుర్తు ఆ ఆరుగురి చేతి దెబ్బనుంచి మినహాయింపు ఇస్తుంది, ఊరు కాలకుండా ఆపదు.

తేదీలు కూడా చూడండి. 8:1 ప్రకారం 9వ అధ్యాయం దర్శనం చెర 6వ ఏడు 6వ నెల (క్రీ.పూ. 592). 20:1 తేదీ 7వ ఏడు 5వ నెల (591). 21కి వేరే తేదీ ఇవ్వలేదు, దాని వెనకే వస్తుంది. రెండు దర్శనాల మధ్య ఏడాది కూడా తిరగలేదు. "ముందు దయ చూపాడు, తర్వాత మనసు మార్చుకున్నాడు" అనే వివరణ ఇక్కడ అతకదు.

హోస్కోటె_రోడ్డు:
బ్రదర్స్, ఇంత తవ్వడం అవసరమా? శరీరానికి వచ్చే తీర్పు వేరు, ఆత్మకు కలిగే కాపుదల వేరు. నీతిమంతుడు ఖడ్గంతో చచ్చినా నిత్యజీవం భద్రం. ఒక్క మాటలో అయిపోయింది.

ద్రాక్షకాయ:
అయిపోలేదండీ. 91వ కీర్తన ఆత్మ గురించి మాట్లాడుతోందా? పగలు ఎగిరే బాణం, మధ్యాహ్నం పాడుచేసే రోగం, గుడారం దగ్గరకు రాని తెగులు, కాలికి తగిలే రాయి. ఇవన్నీ ఒంటికి తగిలేవే. వాగ్దానం వినేటప్పుడు ఒంటికి అని చెప్పి, అది నెరవేరనప్పుడు ఆత్మకు అని మార్చితే ఐటీ పిల్లలు మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు.

సిరాబుడ్డి:
హోస్కోటె గారి మాటకు బలమైన ఆధారం ఉంది, కాకపోతే పాత నిబంధనలో కాదు. లూకా 21:16లో "మీలో కొందరిని చంపుతారు" అని, రెండు వచనాలు దాటగానే 18లో "మీ తల వెండ్రుకలలో ఒకటైనను నశింపదు" అని యేసే అంటాడు. ఆయన ఒకే ఊపిరిలో ఈ రెండు మాటలూ అన్నాక, రెండో మాటను చావు తప్పుతుంది అనే అర్థంలో చదవడానికి వీల్లేదు. కాబట్టి అక్కడ ఆ వివరణ వాడండి. దాన్నే యెహెజ్కేలు మీదికి లాగితే ఆ పుస్తకం ఏం చెబుతోందో వినకుండానే మూసినట్టు అవుతుంది.

హెబ్రీ 11 కూడా రాసుకోండి. 34లో "ఖడ్గధారను తప్పించుకొనిరి", 37లో "ఖడ్గముతో చంపబడిరి". రెండు గుంపులకీ ఒకే విశ్వాసం. 39లో అందరికీ కలిపే సాక్ష్యం ఇస్తాడు. అపొస్తలుల కార్యములు 12లో యాకోబును ఖడ్గంతో చంపారు (12:2), పేతురును దూత చెరసాలనుంచి బయటికి తెచ్చాడు. ఎందుకు ఇతనికలా, అతనికిలా అన్నదానికి ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క మాట కూడా రాయలేదు. మనం కల్పించి చెప్పకపోవడం మంచిది.

గోషెను:
అబ్రాహాము వాక్యం గురించి. ఆదికాండము 18లో రెండు అడుగులు కలిసిపోయి ఉన్నాయి, చాలామంది ఒకటే అనుకుంటారు. ఒకటి: దుష్టులతో పాటు నీతిమంతుణ్ని చంపవద్దు. రెండు: నీతిమంతుల కోసం ఊరినంతా వదిలెయ్యి. 50, 45, 40, 30, 20, 10 అని బేరమాడింది రెండోదానికి. పదిమంది దొరకలేదు, రెండోది జరగలేదు. మొదటిది మాత్రం లోతును చెయ్యి పట్టుకుని బయటికి లాగడంతో జరిగింది (19:16, 29). అలా బయటపడ్డ లోతుకు ఏం మిగిలింది? ఇల్లు పోయింది, అల్లుళ్లు నవ్వి ఉండిపోయారు, భార్య దారిలో పోయింది. "తప్పించబడ్డాడు" అనే మాట కింద ఇంత ఉంది. అదే అధ్యాయంలో ఇంకొకటి: సోయరు అనే చిన్న ఊరు లోతు అడిగినందుకు నిలిచింది (19:21). అంటే ఒక్కడి మాటకు ఊరు మిగలడం కూడా జరుగుతుంది.

ఇప్పుడు యెహెజ్కేలు 14:12–20 తీయండి. కరవు, దుష్టమృగాలు, ఖడ్గం, తెగులు – నాలుగుసార్లు అదే మాట. నోవహు, దానియేలు, యోబు ముగ్గురూ ఉన్నా తమను మాత్రమే తప్పించుకుంటారు, కొడుకుల్నీ కూతుళ్లనీ కూడా కాదు. ఆదికాండము 18 తలుపు ఇక్కడ మూసుకుంది. ఇంకా పదునైనది 14:22: యెరూషలేము నుంచి కొందరు బతికి బయటపడి మీ దగ్గరికి వస్తారు, వాళ్ల నడత చూసి మీకు అర్థమవుతుంది అంటాడు. ఆ బతికినవాళ్లు మంచివాళ్లని బతకలేదు! ఎంత చెడ్డవాళ్లో చెరలో ఉన్నవాళ్లు కళ్లారా చూడాలని బతికారు. "నేను బతికాను కాబట్టి దేవుడు నన్ను మెచ్చాడు" అనే సాక్ష్యం చెప్పేవాళ్లకు ముందుగా ఈ వచనం చూపించాలి. దీనికి అవతలి వైపు లూకా 13:4. సిలోయములో గోపురం పడి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే అపరాధులు కారు.

నిర్గమకాండంలోనూ కాపుదల ఒకేలా ఉండదు. ఐగుప్తు మీదికి వచ్చిన మొదటి మూడు తెగుళ్లలో (రక్తం, కప్పలు, పేలు) ఇశ్రాయేలీయులుండే గోషెనుకు మినహాయింపు చెప్పలేదు. నాలుగోదైన ఈగల దగ్గర, 8:22లో, మొదటిసారి వేరు చేస్తానంటాడు. పదోది (తొలిచూలు పిల్లల చావు) వచ్చేసరికి గోషెనులో ఉండటం ఒక్కటే సరిపోదు. ద్వారబంధానికి రక్తం ఉండాలి, తెల్లారేదాకా గడప దాటకూడదు (12:22).

నిర్వాహకుడు:
చర్చ బాగుంది. ఒక్క మనవి: ఏ సంఘం బోధ తప్పు, ఏ పాస్టర్ గారు ఏమన్నారు అన్న దారిలోకి వెళ్లిన రెండు జవాబులు తీసేశాను.

వాగ్దాన_కార్డు:
డిసెంబరు 31 రాత్రి చర్చిల్లో ఒక్కో వచనం రాసి పంచే వాగ్దాన కార్డుల గురించి క్లాసులో చెప్పాల్సిన సంగతి. యోబు 5:19 వాటిలో తరచు ఉంటుంది, గోడ క్యాలెండర్ల మీద కూడా: ఆరు బాధల్లోంచి విడిపిస్తాడు, ఏడు కలిగినా నీకు కీడు తగలదు. 5:20–23 కూడా చదివితే కరవు, యుద్ధం, అడవిమృగాలు, రాళ్లు అన్నీ వరుసగా వస్తాయి. అచ్చం 91వ కీర్తన లాగే ఉంటుంది. మాట్లాడుతున్నది ఎవరు? ఎలీఫజు. ఎవరితో? పదిమంది పిల్లల్ని పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో కూర్చున్న యోబుతో. 42:7లో దేవుడు ఆ ఎలీఫజు పేరు పెట్టి, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అంటాడు.

ఇక్కడ జనం చేసే రెండో పొరపాటు, "అయితే ఎలీఫజు మాటలన్నీ అబద్ధం" అనడం. పౌలు 1 కొరింథీ 3:19లో ఎలీఫజు మాటనే (యోబు 5:13) ప్రమాణంగా ఎత్తి చూపాడు. మాటలో నిజం ఉంది. దాన్ని యోబు లాంటి మనిషి ముందు, "నువ్వు సరిగ్గా ఉంటే నీకిలా జరిగేది కాదు" అనే కొలతకర్రగా వాడటంలో తప్పుంది.

మత్తయి 4:6లోనూ అదే పని. సాతాను చదివింది 91:11–12. వచనం అసలుదే, అయినా దాన్ని పట్టుకుని కిందికి దూకు అన్నాడు. యేసు ఆ కీర్తనను కాదనలేదు, దేవుణ్ని శోధించవద్దనే ద్వితీయోపదేశకాండము 6:16 తీశాడు. కీర్తనలోనే 15వ వచనంలో "శ్రమలో నేను అతనికి తోడై యుండెదను" అని ఉంది. శ్రమే రాకపోతే తోడు దేనికి?

మారతహళ్ళి_రాత్రిషిఫ్టు:
కాపాడతానన్న వాగ్దానాన్నే దేవుడు వెనక్కు తీసుకున్న ఉదాహరణ ఉందా? పట్టణం విషయంలో.

మూడో_బెంచీ:
వెనక్కు తీసుకున్నాడు అనను. కాలం చెల్లిన వాగ్దానాన్ని పట్టుకుని వేలాడినవాళ్లు ఉన్నారు. నా ఉద్దేశంలో మీ నాలుగు వారాల్లో ఒక వారం దీనికే ఇవ్వాలి.

క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యెరూషలేమును చుట్టుముట్టాడు. యెషయా 37:33–35: ఈ పట్టణంలోకి రాడు, ఒక బాణం కూడా వేయడు, నా నిమిత్తమూ దావీదు నిమిత్తమూ దీన్ని కాపాడతాను. అలాగే జరిగింది. వందేళ్లు గడిచాయి. జనం దాన్ని సిద్ధాంతం చేసుకున్నారు: ఆలయం ఉంది కాబట్టి పట్టణం పడదు. యిర్మీయా 7:4లో "యెహోవా ఆలయము" అని మూడుసార్లు జపంలా అనడం అదే. యిర్మీయా వాళ్లను షిలోహు వెళ్లి చూసి రమ్మంటాడు (7:12). అక్కడా మందిరం ఉండేది, అది పాడైపోయింది.

28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వస్తాడు. సిద్కియా రాజు 4వ ఏట, 5వ నెలలో, రెండేళ్లలో బబులోను కాడి విరుగుతుందని ఆలయంలో ప్రకటిస్తాడు. యెషయా 37 విని పెరిగిన చెవికి అందులో తప్పేమీ వినపడదు. యెషయా నిజం చెప్పాడు, హనన్యా అబద్ధం చెప్పాడు, చెప్పింది మాత్రం దాదాపు ఒకటే. హనన్యా అదే ఏడు 7వ నెలలో చచ్చాడు (28:17). పట్టణం 587 లేదా 586లో పడింది.

మధ్యలో యిర్మీయా 26:18–19 మరచిపోవద్దు. 701 నాటి రాజు హిజ్కియా రోజుల్లోనే ప్రవక్త మీకా "సీయోను చేనులా దున్నబడుతుంది" అన్నాడు, హిజ్కియా భయపడి వేడుకున్నాడు, కీడు ఆగింది అని పెద్దలు గుర్తు చేస్తారు. అంటే 701 విడుదల వెనుక కూడా ఒక షరతు నడిచింది. ఆ షరతు సూత్రంగా యిర్మీయా 18:7–10లో ఉంది, రెండు వైపులా: కూలుస్తానన్న జనం తిరిగితే ఆగుతాను, కడతానన్న జనం చెడితే మేలు ఆపుతాను. మీరు మొదట అడిగిన వాక్యాలన్నిటి మీదా ఈ నాలుగు వచనాలు పెట్టి చూడండి.

మారతహళ్ళి_రాత్రిషిఫ్టు:
మరి యూదా రాజు యోషీయా? "నెమ్మదిగా సమాధికి చేరతావు" అని ప్రవక్త్రి హుల్దా చెప్పింది (2 రాజులు 22:20). మెగిద్దోలో చంపారు (23:29).

సిరాబుడ్డి:
22:20 వాక్యం పూర్తిగా చదవండి. ఈ స్థలం మీదికి రప్పించే కీడును నీవు నీ కన్నులతో చూడవు అని ఉంది. 609లో పోయాడు, పట్టణం ఆ తర్వాత పడింది. ఆ భాగం అక్షరాలా నెరవేరింది. "నెమ్మది" అన్న మాట మాత్రం యుద్ధంలో చావుతో ఇబ్బందిగానే ఉంటుంది. 2 దినవృత్తాంతములు 35:21–22 ఐగుప్తు రాజు నెకో హెచ్చరించినా వినకుండా వెళ్లాడంటుంది. కొందరు దానితో ముడి విప్పుతారు. నాకు అది సగం జవాబులాగే కనిపిస్తుంది. క్లాసులో సగం అనే చెప్పండి.

హోస్కోటె_రోడ్డు:
తండ్రుల దోషం పిల్లల మీదికి రప్పిస్తాననే నిర్గమ 20:5 "మూడు నాలుగు తరములు", ద్వితీయో 24:16 "కుమారుల దోషాన్ని బట్టి తండ్రులకు, తండ్రుల దోషాన్ని బట్టి కుమారులకు మరణశిక్ష వద్దు" – ఇవి కూడా పెట్టాలా?

మూడో_బెంచీ:
రెండు నిమిషాలు చాలు. రెండోది న్యాయాధిపతులకు ఇచ్చిన చట్టం. యూదా రాజు అమజ్యా దాన్నే పాటించి తన తండ్రిని చంపినవాళ్ల పిల్లల్ని వదిలేశాడు (2 రాజులు 14:6). మొదటిదానికి "నన్ను ద్వేషించువారి" అనే షరతు ఉంది. ఒక్కడి పాపానికి ఇంటిల్లిపాదీ పోయిన ఆకాను జోలికి వెళ్లకండి, ఆ ఒక్కదానికే ముప్పావుగంట పోతుంది.

గోషెను:
కాపాడతానని దేవుడు మాట ఇచ్చాక బతుకు ఎలా ఉంటుందో చూపించడానికి ముగ్గురు మనుషులు చాలు, ముగ్గురూ యెరూషలేము ముట్టడిలోనే ఉన్నారు. రాజు ఇంటి సేవకుడు ఎబెద్మెలెకుకు (యిర్మీయా 39:15–18), యిర్మీయా లేఖకుడు బారూకుకు (45:5) ప్రాణం దోపుడుసొమ్ములా దక్కుతుందని మాట. ఊరు దక్కుతుందని కాదు, ఆస్తి దక్కుతుందని కాదు. బారూకుకైతే "గొప్పవి వెదకవద్దు" అని ముందే చెప్పాడు. యిర్మీయాను బురద గోతిలోకి దింపారు (38:6). అంతకుముందు చెరసాల ప్రాకారంలో రొట్టెలవాళ్ల వీధినుంచి రోజుకో రొట్టె వచ్చేది, పట్టణంలో రొట్టెలు అయిపోయేదాకా (37:21). కాపుదలలో ఉన్న ప్రవక్త తిన్నది అది. చివరికి జనం అతన్ని ఐగుప్తుకు లాక్కుపోయారు (43:6–7).

కమ్మనహళ్ళి_క్లాసు:
బ్రహ్మాండం. ఇలా అనుకుంటున్నాను. 1వ వారం: యెహెజ్కేలు 9:1–10:2, తర్వాత 20:45–21:5, చివర 18. 2వ వారం: ఆదికాండము 18–19, యెహెజ్కేలు 14. 3వ వారం: యెషయా 37, యిర్మీయా 7, 26, 28. 4వ వారం: యోబు 5, 91వ కీర్తన, లూకా 21, హెబ్రీ 11. ప్రతి వాక్యానికీ నాలుగు గడులు: ఎవరు, ఎవరితో, ఏ కాలంలో, దేని మీద తీర్పు.

ద్రాక్షకాయ:
4వ వారంలో 44వ కీర్తన చేర్చండి, ముఖ్యంగా 17–22. "నిన్ను మరువలేదు, నిబంధన మీరలేదు, అయినా దినమెల్ల వధింపబడుతున్నాము." అది దేవుని మీద ఫిర్యాదు, కీర్తన చివర కూడా దానికి జవాబు రాదు. 91 పాడిన సమాజమే దీన్నీ పాడింది. పౌలు రోమా 8:36లో ఎత్తి చూపింది దీన్నే, 91ని కాదు. ఈ రెంటినీ కలిపి ఒకే మాట చేయాలని చూడకండి. అతకవు, అతకాల్సిన పని కూడా లేదు.

ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో కాపుదల వచనాలు, తీర్పు వచనాలు విడదీసి ప్రింటు తీయకండి. యెహెజ్కేలు 9 ఏ రంగులో పెడతారు? నలుపు తెలుపులో, పూర్తి పేరాలతో ఇవ్వండి, విడి వచనాలు వద్దు. ముప్పావుగంటలో చదవడానికే పదిహేను నిమిషాలు పోతాయి. పోనివ్వండి.

కమ్మనహళ్ళి_క్లాసు:
చివరిగా ఒకటి. పెద్దమ్మలు తప్పకుండా అడుగుతారు: గడప మీద 91వ కీర్తన అంటించుకుంటే తప్పా?

సిరాబుడ్డి:
చాలా పాత అలవాటే. కుమ్రాను 11వ గుహలో దొరికిన ఒక చుట్టలో ఈ కీర్తన దయ్యాలను వెళ్లగొట్టే పాటల పక్కనే రాసి ఉంది. తర్వాతి క్రైస్తవులు పపైరసు ముక్కల మీద దీన్ని రాసి తాయెత్తులా కట్టుకున్నారు. తీసెయ్యమని చెప్పకండి, గొడవ గడప దగ్గరే ఆగిపోతుంది. పదహారు వచనాలూ ఉన్న కాగితం అంటించమనండి. మామూలుగా అంటించేది కీడు నీ దగ్గరికి రాదనే 7, 10 వచనాలే. 14 నుంచి మాట్లాడేది దేవుడు, శ్రమ అనే మాట ఉన్నది అక్కడే.

వాగ్దాన_కార్డు:
చావు జరిగిన ఇంట్లో పరామర్శకు వెళ్లినప్పుడు 91:10 ఒక్కటీ చదవవద్దని కూడా క్లాసులోనే చెప్పండి. ఆ ఇంటివాళ్లకు అది ఎలీఫజు గొంతులోనే వినపడుతుంది. 44 చదవండి, లేదంటే 91లో 14 నుంచి 16 వరకు చదివి ఆపండి.